సర్వరుకు రాహుకాలం

మా కల్యాణ పత్రాల మండలిలో మంచి వేళ చూడకుండా ఫ్యాను కూడా వెయ్యరని కాకినాడలో చెప్పుకుంటారు. అది నీలాపనింద. ఫ్యానుకు మేం వేళ చూడం. ఏసీకి చూస్తాం, అదీ కార్యదర్శి గారి గదిలో ఏసీకి మాత్రమే.

ఈ మండలిలో నేను కంప్యూటర్ల మనిషిని. పేరు ధనుంజయ. అవుట్‌సోర్సింగ్ వాణ్ణి. అంటే ఏదైనా చెడితే తప్పు నాది, బాగుపడితే ఘనత మండలిది. పెళ్లయినవాళ్లు పెళ్లి ధ్రువపత్రం కోసం మా వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకుంటారు. నెల రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పత్రం తయారై వాళ్ల ఫోనుకు వెళ్లిపోతుంది. ఇందులో మనిషి చెయ్యి పెట్టేదేమీ ఉండదు. రోజూ ఉదయం ఎనిమిదింటికి సర్వర్ తనే లేచి, గడువు తీరిన దరఖాస్తులన్నీ ఏరి, పత్రాలు పంపేసి మళ్లీ పడుకుంటుంది. తెరవెనక నడిచే ఈ పనికి నేను పెట్టిన పేరు డైలీ జాబ్. సర్వర్ మాది కాదు, అద్దెది. ఎక్కడో సముద్రాల అవతల ఓ చలిదేశంలో ఉంటుంది. ఏళ్ల తరబడి అది ఏ పేచీ లేకుండా నడిచింది. మా ఆఫీసులో ఏదైనా పేచీ లేకుండా నడుస్తోందంటే ఎవరికో ఒకరికి అనుమానం రాక మానదు.

ఈసారి అనుమానం బయటినుంచి వచ్చింది. ఒక పెళ్లికూతురి మేనమామ ఫిర్యాదు పెట్టాడు. తమ అమ్మాయి పత్రం సోమవారం ఉదయం ఎనిమిదింటికి వచ్చిందనీ, అది నికార్సయిన రాహుకాలమనీ, ఆ సాయంత్రమే అల్లుడి స్కూటర్ పోయిందనీ అందులో సారాంశం. స్కూటర్ మర్నాడే దొరికింది. అల్లుడే దాన్ని సినిమా హాలు దగ్గర మర్చిపోయి ఆటోలో ఇంటికొచ్చాడు. కానీ అప్పటికే మా దగ్గర ఫైలు తెరిచేశారు. తెరిచిన ఫైలును ఊరికే మూసెయ్యడం మా ఆచారం కాదు.

కార్యదర్శి విరూపాక్షరావు గారు నన్ను పిలిపించారు. పెద్దమనిషి. ఎవరికీ చెడు తలపెట్టడు, మంచి తలపెట్టినప్పుడే మాకు భయం.

"ఏమయ్యా ధనుంజయా, ఆ యంత్రం ఎవర్నడిగి పొద్దున్నే ఎనిమిదింటికి లేస్తోంది?"

"నేనే లేపుతున్నానండి. ఆ వేళకి సైటు మీద జనం తక్కువగా ఉంటారని."

"జనం తక్కువున్నారని శుభకార్యం రాహుకాలంలో చేస్తామా? పెళ్లి సంస్థయ్యా మనది. విద్యుత్ బిల్లు కాదు."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "శుభకార్య సంబంధమైన ఏ పత్రమునూ యంత్రము తనంతట తాను అశుభ వేళలయందు జారీ చేయరాదు. ఇది తక్షణము అమలులోనికి వచ్చును." తక్షణం అన్నది మాత్రం వర్జ్యం దాటాక టైపు చేశారు.

సరే, రాహుకాలమే కదా అనుకున్నాను. పంచాంగం కొని, ఏ రోజు ఏ వేళకు రాహుకాలమో చూసి సర్వరుకు నేర్పాను, వేళ బాగోకపోతే గంటకోసారి లేచి మళ్లీ చూసుకోమన్నాను. అది బుద్ధిగా నేర్చుకుంది. వారం తిరక్కుండా సూపరింటెండెంట్ హైమవతి గారు "మరి యమగండం మాటేమిటి?" అని నోటు పెట్టారు. ఆవిణ్ణి కార్యదర్శి గారు అందరిముందూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చూసి అకౌంట్స్ వాళ్లు దుర్ముహూర్తం పట్టుకొచ్చారు. ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లు వర్జ్యం తెచ్చారు. నడుం నొప్పితో సెలవులో ఉన్న స్టోర్ కీపర్ మంచం మీంచి ఫోన్ చేసి మరీ గుళిక కాలం చేర్పించాడు. ఆ తరవాత వధూవరులిద్దరికీ తారాబలం కుదిరిన రోజే పత్రం వెళ్లాలన్నారు. చివరికి ఆషాఢం వస్తోందనగా కార్యదర్శి గారు స్వహస్తాలతో "శూన్యమాసము కూడా" అని రాసి, కింద గీత గీశారు.

నేను అన్నీ ఎక్కించాను. నా చదువులో వర్జ్యం అనే పాఠం లేదు, ఉద్యోగంలో వచ్చేసింది.

ఆషాఢంలో మూడో బుధవారం నా బల్ల దగ్గరికి ఒక జంట వచ్చింది. అమ్మాయి పేరు చంద్రకళ, మారేడుమిల్లి ఏజెన్సీలో లెక్కల టీచరు. అబ్బాయి సత్యానందం, సఖినేటిపల్లిలో సోషల్ టీచరు. ఒకరు కొండ మీద, ఒకరు సముద్రం ఒడ్డున. పోయిన శ్రావణంలో పెళ్లయింది. అప్పట్నుంచీ వాళ్ల కాపురమంతా శనివారం సాయంత్రం బస్సెక్కి సోమవారం తెల్లవారుజామున బస్సు దిగడమే. ఇప్పుడు బదిలీలు జరుగుతున్నాయి. భార్యాభర్తలకు స్పౌజ్ కేటగిరీ ఉంది, ఇద్దరికీ దగ్గర బడులు దొరుకుతాయి. దానికి మా పత్రం జతచెయ్యాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. మళ్లీ బదిలీలు ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియదు.

"నెల దాటి పది రోజులైందండి," అంది చంద్రకళ ఫోను చూపిస్తూ. "రోజూ ఇదే వస్తోంది. తగు వేళకై నిరీక్షణ. ఎవరి వేళండి? మాదా, మీదా?"

ఇంతలో వెనక గుమ్మంలోంచి, స్టోర్ రూము పక్కనుంచి, ఒక పెద్దావిడ చేతిసంచీతో నడిచి వచ్చింది.

"మా అమ్మండి, వీరరాఘవమ్మ," అన్నాడు సత్యానందం. "ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదంటారు కదండి. అందుకని అలా చుట్టూ తిరిగొచ్చింది."

"ఒకే గడప దాటొద్దన్నారు గానీ చుట్టూ తిరిగి రావద్దనలేదు కదా," అంది ఆవిడ కుర్చీ లాక్కుని. "వీళ్ల పని అయ్యేదాకా కదిలేది లేదు నాయనా. ఇద్దరూ ఒకచోట ఉంటే నేను రెండు ఊళ్లకీ పచ్చళ్లు మొయ్యక్కర్లేదు."

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇలాంటి తెరవెనక పనులు ఆగిపోవడానికి నాకు తెలిసి కొన్ని కారణాలుంటాయి. గడియారం తప్పు చూపించి ఉండాలి. లేదా నిన్నటి పని సగంలో ఇరుక్కుని, లోపల గడియ పెట్టుకుని, ఇవాళ్టి పనిని రానివ్వకుండా ఉండాలి. లేదా అసలు లేచి ఉండకూడదు. ఒక్కొక్కటే చూశాను. గడియారం బాగుంది. గడియ ఏమీ పడలేదు. రోజూ ఠంచనుగా లేస్తోంది. లేచి వేళ చూసుకుంటోంది. వేళ బాగోలేదని పడుకుంటోంది. గంటకోసారి ఇదే వరస. మా ఆఫీసులో ఉత్తర్వులు తు.చ. తప్పకుండా పాటిస్తున్నది అదొక్కటే.

"రోగమేమీ లేదండి, దుక్కలా ఉంది," అన్నాను. అనేసరికి నాకే సిగ్గేసింది. జిల్లాలో ఆ నెల గడువు తీరిన జంటలందరూ ఆ నిరీక్షణలోనే ఉన్నారు, వేలల్లో. ఆ వేళల జాబితా అంతా ఎక్కించింది నా చేతులే.

ముగ్గుర్నీ వెంటబెట్టుకుని కార్యదర్శి గారి గదికి వెళ్లాను. ఆయన ఆప్యాయంగా కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

"తొందరేముందమ్మా? శ్రావణంలో రండి. బ్రహ్మాండమైన ముహూర్తాలున్నాయి."

"శ్రావణంలో పత్రం వస్తుందండి, బదిలీ రాదండి," అంది చంద్రకళ.

"మండలి ఏది చేసినా మీ దాంపత్య క్షేమాన్ని దృష్టిలో ఉంచుకునే చేస్తుంది."

"దాంపత్యం ఉంటే కదండి క్షేమం? వారానికి ఒక్క ఆదివారం. అందులో సగం బట్టలుతుక్కోవడం."

ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు, టీ పక్కన పెట్టేశారు. "ఏదో ఒక ఉపాయం చూడవయ్యా," అన్నారు నాతో. నేను తొందరపడి నోరు జారాను.

"అసలు సర్వర్ ఇక్కడ లేదు కదండీ. చలిదేశంలో ఉంది. అక్కడ పొద్దు వేరు, వేళలు వేరు."

ఫైళ్ల సంతకాలకని పక్కనే నిలబడ్డ హైమవతి గారు నెమ్మదిగా కళ్లజోడు తీశారు.

"అంటే మనం ఇన్నాళ్లూ చూసింది కాకినాడ రాహుకాలమా?" అన్నారు కార్యదర్శి గారు. "పత్రం పుట్టేది అక్కడైతే, ఇక్కడి వేళతో దానికేం పని? ఎంత అపచారం జరిగిపోయిందయ్యా!"

గురువారం ఉదయం సిద్ధాంతి గారిని కారు పంపి పిలిపించారు. ఆయన ఆ దేశపు అక్షాంశాలూ సూర్యోదయాలూ నా దగ్గర రాయించుకుని, చాలాసేపు లెక్కలు కట్టి తల పట్టుకున్నారు. ఈ కాలంలో అక్కడ సూర్యుడు తెల్లారగట్ల మూడింటికే వచ్చేసి రాత్రి తొమ్మిదైనా ఇంటికి పోడట. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం రాహుకాలం కాబట్టి, పగలు సాగినకొద్దీ అదీ సాగుతుంది.

"అక్కడ రాహుకాలం రెండుంపావు గంటలండీ," అన్నారు సిద్ధాంతి గారు. "నా అనుభవంలో ఇంత పొడుగు ఎక్కడా చూళ్లేదు."

"రెండు చోట్లా దోషం లేని వేళ చూడండి," అన్నారు కార్యదర్శి గారు. "ఇక్కడిదీ అక్కడిదీ కలిపి తీసేద్దాం. జాగ్రత్తకు తక్కువేంటి?"

అలా కొద్దో గొప్పో మిగిలిన వేళ కూడా పోయింది. నేను గొంతు సవరించుకున్నాను. అద్దె సర్వరే కాబట్టి, కావలసిన దేశానికి మార్చుకోవచ్చని, నాలుగు మీటలు నొక్కితే చాలునని చెప్పాను. ఎక్కడ మంచి వేళ నడుస్తుంటే అక్కడికి పంపేద్దామన్నాను. వెటకారంగానే అన్నాను. మా ఆఫీసులో వెటకారం పనికిరాదని నాకు తెలిసుండాల్సింది.

"శెభాష్!" అన్నారు కార్యదర్శి గారు లేచి నిలబడి. "హైమవతి గారూ, రాసుకోండి. మండలి ఆస్తి విదేశీ ప్రయాణం. అనుమతికి ఫైలు పెట్టండి. యంత్రం ఒక్కటీ వెళ్తే బాగుండదు, బాధ్యత గల అధికారి ఒకరు వెంట వెళ్లాలి. నా పాస్‌పోర్టు గడువు ఉందో లేదో చూడండి."

"ఏ దేశమండీ?" అన్నారు హైమవతి గారు.

"వేళ బాగున్న దేశం. కాస్త చల్లగా ఉంటే మరీ మంచిది."

సిద్ధాంతి గారు చెయ్యి అడ్డం పెట్టారు. "వేళలు మారతాయి గానీ ఆషాఢం మారదండీ. ఏ దేశం పోయినా చంద్రుడు ఒక్కడేగా."

కార్యదర్శి గారు కూర్చుండిపోయారు. చలిదేశం చేతిదాకా వచ్చి జారిపోయింది మరి. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న చంద్రకళ వరండాలోకి వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. సత్యానందం చేతిలో మారేడుమిల్లి బస్సు టైము రాసుకున్న చీటీ ఉంది, దాన్ని మడుస్తూ విప్పుతూ ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక హైమవతి గారే దారి కనిపెట్టారు. ఆవిడ మనసులో ఏముందో గానీ, పొద్దుట్నుంచీ వరండాలో కూర్చున్న ఆ ముగ్గుర్నీ చూసి అన్నం సరిగా తినలేదని తరవాత తెలిసింది. ఉత్తర్వు పట్టుకుని గదిలోకి వచ్చారు.

"సార్, యంత్రం తనంతట తాను జారీ చేయకూడదనే కదా మనం అన్నది? మనిషి చేయిస్తే?"

"మనిషి చేయించగలడా?" అని నన్నడిగారు కార్యదర్శి గారు.

"బటన్ ఉందండి. 'ఇప్పుడే నడుపు' అని. వేళలతో పనిలేకుండా ఆ క్షణమే అన్నీ వెళ్లిపోతాయి."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"దాన్ని చూడ్డానికే నాకు అధికారం ఉందండి. నొక్కడానికి లేదు. అవుట్‌సోర్సింగ్."

అందరం నా బల్ల చుట్టూ చేరాం. తెర మీద ఆకుపచ్చ బటన్. నాలుగు కావొస్తోంది, పైగా యమగండం. కార్యదర్శి గారు వేలు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. నొక్కినవాడికి ఏమైనా దోషం తగులుతుందా అని. ఫోను స్పీకరులో పెట్టారు.

"ఆ పనికి పేరేమిటండీ?" అన్నారు సిద్ధాంతి గారు.

"డైలీ జాబ్."

"మొదటి అక్షరం డై. అంటే ఆశ్లేషా నక్షత్రం. అత్తగారికి గండమండీ. నొక్కినవారి అత్తగారికి."

కార్యదర్శి గారి వేలు జేబులోకి వెళ్లిపోయింది. ఆయన ఉండే ఇల్లు వాళ్ల అత్తగారిది. హైమవతి గారి పిల్లల్ని బడినుంచి తీసుకొచ్చేది ఆవిడ అత్తగారే. అకౌంట్స్ ఆఫీసరుకు అత్తగారంటే ఎంత మంటో ఆఫీసంతటికీ తెలుసు. ఆయన ఉత్సాహంగానే ముందుకొచ్చాడు, కానీ రేపు నిజంగా ఆవిడకు జలుబు చేసినా మా ఆవిడ నన్ను బతకనివ్వదంటూ వెనక్కి తగ్గాడు. పేరు మార్చేద్దామండీ, క్షణంలో పని అన్నాను నేను. మండలి రికార్డుల్లో నమోదైన పేరు మార్చాలంటే గెజిట్‌లో వెయ్యాలన్నారు.

"నేను నొక్కుతానండి," అంది చంద్రకళ, వెనకనుంచి. "మా పత్రం, మా దోషం." అనేసి, ఒక్కసారి అత్తగారి వైపు చూసి ఆగిపోయింది. చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఇవేమీ నమ్మే పిల్ల కాదు, అయినా ఆ చెయ్యి ముందుకు పోలేదు.

"జరుగు తల్లీ, పక్కకి," అంది వీరరాఘవమ్మ.

"వద్దత్తయ్యా."

"ఏంటి వద్దు? నొక్కినవాళ్ల అత్తగారికి కదా గండం? మా అత్తగారు పోయి పదేళ్లయింది. ఇంకా ఏం చేస్తుందంట ఆ నక్షత్రం, పైకెళ్లి చేస్తుందా?" సంచీ కోడలి చేతికిచ్చి, కళ్లజోడు సవరించుకుంది. "ఏది నాయనా, పచ్చగా ఉందే, అదేనా?"

"అమ్మా, మీరు మండలి సిబ్బంది కారు," అన్నారు హైమవతి గారు మెల్లగా.

కార్యదర్శి గారి ముఖం వెలిగింది. "ప్రజా భాగస్వామ్యం!" అన్నారు. "పారదర్శక పరిపాలనలో పౌరుల పాత్ర! కానివ్వండమ్మా!"

ఆవిడ ఆ మాటలు వినలేదు. అప్పటికే నొక్కేసింది.

వేలకొద్దీ పత్రాలు ఒక్కసారిగా కదిలాయి. సత్యానందం జేబులో ఫోను మోగింది. బయట వరండాలో ఎవరిదో మోగింది, రోడ్డు మీద జంటగా వెళ్తున్న స్కూటర్ ఒకటి ఆగి, వెనక కూర్చున్నమ్మాయి ఫోను తీసి కేక పెట్టింది. చంద్రకళ నా కుర్చీలోనే కూర్చుని బదిలీల సైటు తెరిచింది. మా నెట్టు అంత పని ఎప్పుడూ చెయ్యలేదు, కానీ ఆవేళ చేసింది. ఐదు కొట్టకముందే పత్రం ఎక్కింది. అత్తగారూ కోడలూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతుంటే కార్యదర్శి గారు తనే ముహూర్తం పెట్టినంత సంబరపడ్డారు. సిద్ధాంతి గారు ఫోనులో ఇంకా లైన్లోనే ఉన్నారు, ఏమైందీ ఏమైందీ అంటూ.

మామూలు సంస్థ అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. మాది ఒక మంచి పని పొరపాటున జరిగితే దాన్ని పద్ధతిగా మార్చేదాకా నిద్రపోని సంస్థ. సోమవారం ఉత్తర్వు వచ్చింది. "డైలీ జాబ్ నామధేయ కార్యక్రమమును ఇకమీదట అత్తగారు లేని అత్తగారిచే మాత్రమే నడిపించవలెను. అభ్యర్థిని తన అత్తగారి మరణ ధ్రువీకరణ పత్రమును, తన కుమారుని వివాహ పత్రమును జతపరచవలెను." కాంట్రాక్టు పోస్టు, ఒకటి. అధికృత అత్తగారు అని హోదా. అర్హతలన్నీ ఉన్నవారు జిల్లాలో చాలామందే ఉన్నారు గానీ, అనుభవం ఉన్నవారు ఒక్కరే.

వీరరాఘవమ్మ గారు ఊళ్లోనే జగన్నాథపురంలో చెల్లెలి ఇంట్లో దిగి, రోజూ పదింటికి వచ్చి వేలిముద్ర వేసి, బటన్ నొక్కి, స్టాఫందరికీ తలా ఒక ముక్క మాగాయ పెట్టి వెళ్తున్నారు. ఆవిడకు గుర్తుచెయ్యడానికి రోజూ పొద్దున్నే ఒక మెసేజ్ పోయేలా ఏర్పాటు చెయ్యమన్నారు నన్ను. చేశాను. అది ఉదయం ఎనిమిదింటికి, దానంతట అదే, తెరవెనక నడుస్తుంది. దానికి ఏ దోషమూ లేదు, అది పెళ్లి పని కాదు కదా.

చంద్రకళకూ సత్యానందానికీ జగ్గంపేటలో పక్కపక్క బడులు వచ్చాయి. ఒకే ఇల్లు, ఒకే తాళం. కోడలు రెండుసార్లు వచ్చి, అత్తగారికి సెలవు ఇప్పించమని, తమతో తీసుకెళ్తామని కార్యదర్శి గారిని బతిమాలుకుంది. ఆయన కరిగిపోయారు. నెల రోజులు సెలవు మంజూరు చేస్తూ సంతకం పెట్టి, ఆ కాగితం నా చేతికిచ్చి ఆవిడకు అందించమన్నారు.

వీరరాఘవమ్మ గారు అది చదివి, నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగిచ్చేశారు.

"మంజూరు కాలేదని ఇంకో కాగితం ఇప్పించు నాయనా," అన్నారు. "కాస్త గట్టిగా రాయించు, కోడలికి చూపించాలి. వాళ్లు ఇప్పుడే కదా ఒకచోట చేరారు, ఓ ఏడాది నేను లేకుండా ఉండనీ."